మరియమ్మ గారి మునుం

నేను గోదావరి డెల్టాకు వెళ్లింది ఆడవాళ్ల నడుములు కొలవడానికి. రైల్లో పక్కసీటు ఆవిడతో ఇదే మాట అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని కిటికీ వైపు జరిగి కూర్చుంది. తప్పు నాదే. పొట్టిగా, కచ్చితంగా చెప్పడం నాకు అలవాటు. అలా చెప్పినప్పుడే ఎక్కువమంది అపార్థం చేసుకుంటారు. అందుకని ఇక్కడ కాస్త వివరంగానే చెబుతాను.

నేను డాన్సర్ని. హైదరాబాదులో ఎనిమిది మందితో ఒక చిన్న బృందం నడుపుతున్నాను. మేం చేసేది పాటకు అభినయం పట్టే నాట్యం కాదు. మనుషులు మామూలుగా చేసే పనులు తీసుకుని, వాటిలోంచి నృత్యం కట్టుకుంటాం. సగం రోజు ఆ పని. మిగతా సగం రోజు ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. మనిషి ఒంటికి అగ్గిపెట్టెంత యంత్రాలు కట్టి, ఎప్పుడు వంగాడు, ఎంత వంగాడు, బరువు ఏ కాలి మీద వేశాడు అని లెక్కలు తీస్తాం. మా అమ్మకు ఈ రెండింటిలో ఏదీ ఉద్యోగంలా కనిపించదు.

మా ల్యాబులో ఒకమ్మాయి పోయినేడు తన ఫోనులో ఒక వీడియో చూపించింది. మండపేట దగ్గరుండే వాళ్ల పిన్ని కరుణ టీచర్ గారు తీసి పంపిన వరి ఊడ్పుల వీడియో. పదకొండు మంది ఆడవాళ్లు బురదలో వంగి, నాటుకుంటూ వెనక్కి నడుస్తున్నారు. ఎవరూ ఎవర్నీ చూడడం లేదు. లెక్క చెప్పేవాళ్లు లేరు. అయినా వరస దారం పట్టి గీసినట్టు ఉంది. మా డాన్సర్లు నున్నటి నేల మీద, టేపు గుర్తులు వేసుకుని, ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ కూడా ఎనిమిది అడుగులు వెనక్కి వేసేసరికి వంకరటింకర అయిపోతారు. చూడకుండా వరస ఎలా నిలుస్తోందన్నది నా ప్రశ్న. దాని మీద ఒక పరిశోధన పత్రం, ఒక కొత్త నృత్యం రెండూ చెయ్యాలని మనసులో పెట్టుకుని జులైలో బయల్దేరాను.

నిడదవోలులో ఇడ్లీ

నిడదవోలులో దిగేసరికి చినుకులు. మాది అనంతపురం. అక్కడ వాన పడితే పనులాపి గుమ్మంలో నిలబడి చూస్తాం. ఇక్కడ ఒక్కరూ తలెత్తడం లేదు. స్టేషను బయట ఒక చిన్న హోటల్లో కూర్చున్నాను. నాలుగు ఇడ్లీలు, రెండు చట్నీలు, ఒక గిన్నెడు సాంబారు. నేను అడక్కుండానే ఇంకొక చట్నీ. ముప్పై రూపాయలన్నారు. హైదరాబాదులో నేనుండే వీధిలో ఆ డబ్బుకు ప్లేటు తెచ్చి ముందు పెట్టరు.

హోటలు నడిపే ఆవిడ నా పక్కనే గ్లాసులు తుడుస్తూ నిలబడింది.

“ఏం చేత్తారండి మీరు?”

“డాన్సు చేస్తానండి. సైన్సు పరిశోధన కూడా.”

“రెండూనాండి?” అని చేతిలో గ్లాసు పక్కన పెట్టింది. “డాన్సంటే తెలుసండి. ఆ రెండోదేంటండి?”

“మనుషులు ఎలా కదులుతారో కొలుస్తానండి.”

ఆవిడ గల్లాపెట్టె దగ్గర పేపరు చదువుతున్న భర్త వైపు చెయ్యి చూపించింది. “మా ఆయన్ని కొలవండి ఓసారి. పొద్దున్న కూచున్నోడు కూచున్నట్టే ఉంటాడు.”

ఆయన పేపరు దించకుండానే “ఆయ్, కొలవండి” అన్నాడు.

అదే నేను విన్న మొదటి ‘ఆయ్’. ఆ తర్వాత వారం రోజుల్లో వందల సార్లు విన్నాను. పెద్దవాళ్లు ఏదైనా చెబితే ఇక్కడ ముందు ఆ మాట వస్తుంది, తర్వాతే మిగతా జవాబు. ఎవరూ మొహం మీద కాదనరు. గట్టిగా ఔనో కాదో చెప్పేసే సీమ మనుషుల మధ్య పెరిగిన నాకు ఇది మొదట చాలా హాయిగా అనిపించింది.

రాజమండ్రిలో ఎర్రనీళ్లు

రాజమండ్రిలో దిగిన పూటే పెద్ద వాన. లాడ్జికి చేరేసరికి యంత్రాలున్న సంచీ అడుగున నీళ్లు. ఇరవై రెండు యంత్రాలు, అన్నీ ల్యాబువి, అన్నింటికీ నేనే సంతకం పెట్టి తెచ్చుకున్నాను. నా మొహం చూసి లాడ్జి గుమాస్తా ఏమైందని అడిగి, లోపలికి వెళ్లి రెండు కిలోల బియ్యం, ఒక స్టీలు డబ్బా తెచ్చిచ్చాడు. “బియ్యంలో పెట్టండి మేడం, చెమ్మంతా లాగేస్తాయి. మా ఫోన్లు ఎన్ని బతికాయో” అన్నాడు. ఆ రాత్రంతా లక్షల విలువ చేసే సామాను బియ్యం డబ్బాలో పడుకుంది. తెల్లారేసరికి ఒక్కటి తప్ప అన్నీ పనిచేశాయి. ఆ ఒక్కటీ కూడా సరిగ్గా పనిచేస్తోందో లేదో తేలలేదు. దాని మీద పసుపు రంగు చుక్క పెట్టాను.

మర్నాడు ఘాటు దగ్గరికి వెళ్లాను. గోదావరి నిండుగా, మట్టిరంగులో పోతోంది. మా ఊళ్లో ఇన్ని నీళ్లను ఒక్కచోట నేను ఎన్నడూ చూడలేదు. కాసేపు నిజంగానే కోపం వచ్చింది, ఇంత అన్యాయమా అని. మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారట, పలకరించారు. పులస చేప తిన్నారా అని అడిగారు. ఎంతుంటుందండీ అంటే చెప్పిన ధర విని నవ్వాను. ఆ డబ్బుకు మా బృందం నెలరోజులు రిహార్సల్ చేసుకోవచ్చు.

“తినకపోయినా పర్లేదండి, ఏం చేస్తాం. వెళ్లి రోజ్ మిల్క్ తాగండి. అది మనబోటి వాళ్లకి” అన్నారాయన. నిజమే. చిక్కగా, చల్లగా, గులాబీ రంగులో ఉంది. రెండు గ్లాసులు తాగాను.

ఆదివారం ప్రకటన

మండపేటలో కరుణ టీచర్ గారు బస్టాండుకు ఎదురొచ్చారు. యాభై దాటిన మనిషి, ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతారు. ఊరికి వెళ్లే దారంతా రైస్ మిల్లులు, లారీలు, రోడ్డు పక్కన ఆరబోసిన ఊక. ఒక మిల్లు ముందు బస్తాలు మోస్తున్న హమాలీలను చూసి ఆటో ఆపించాను. మోకాలు ఏ కోణంలో వంగుతుందో చూడాలనిపించింది. ఐదు నిమిషాలు అయ్యాక టీచర్ గారు “ఆడకూతురు అలా నిలబడి చూస్తుంటే వాళ్లకి మొహమాటంగా ఉందమ్మా” అని నెమ్మదిగా అన్నారు. నాకు తోచనే లేదు. తాపేశ్వరం కాజాలు ఒక పెట్టె కొనుక్కుని ఊళ్లోకి వెళ్లాం.

టీచర్ గారిది లూథరన్ కుటుంబం. మర్నాడు ఆదివారం. ఊడ్పుల ముఠాలో వాళ్లందరూ చర్చిలోనే కనిపిస్తారని నన్నూ తీసుకెళ్లారు. చెప్పులు బయట, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద, మగవాళ్లు కుడివైపు. అందరూ తల మీద కొంగు కప్పుకున్నారు. నాకు ఉన్నది ఒక చిన్న స్కార్ఫు. అది జారుతుంటే పక్కనున్న పెద్దావిడ పిన్నీసు తీసి పెట్టింది. పాట మొదలయ్యాక అందరి చప్పట్లూ ఒకేసారి పడ్డాయి. నేను మామూలుగానే లెక్కపెట్టాను.

ఆరాధన చివర్లో పాస్టరు గారు ప్రకటనలు చదివారు. ఒకరి గృహప్రవేశం, ఒకరి కోసం ప్రార్థన, ఆ తర్వాత నేను. “హైదరాబాదు నుంచి ఒక సహోదరి వచ్చారు. డాన్సు టీచరు, సైంటిస్టు కూడాను. ఊడ్పు చేసే మన స్త్రీల నడుములకి మెషీన్లు కడతారట. షాక్ కొట్టదట. ఎవరూ భయపడొద్దు.”

చర్చి అంతా తిరిగి నన్ను చూసింది. పిన్నీసు పెట్టిన పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడే మరియమ్మ గారు. అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, వీపు కొంచెం వంగి ఉంటారు. పదమూడో ఏట ఊడ్పు చేలో దిగారట. ఆ ఊళ్లో సగం ఆడవాళ్లకు నాటడం నేర్పింది తనేనని టీచర్ గారు చెప్పారు. ముఠా మేస్త్రి సువార్తమ్మకు కూడా.

పాలపాకెట్లూ, మునుమూ

సోమవారం పొద్దున్న వీర్రాజు గారనే రైతు చేలో దిగాం. ఆయన చేలో ఊడ్పు పనిని ముఠా వాళ్లు ఎకరాకు ఇంతని గుత్తకు తీసుకుని, వచ్చిన డబ్బు అందరూ సమానంగా పంచుకుంటారు.

యంత్రాలకు నేను ఖరీదైన కవర్లు తెచ్చాను. బురదలో పది నిమిషాలు నిలవలేదు. సువార్తమ్మ వాటిని పక్కన పడేసి, ఖాళీ పాలపాకెట్లలో చుట్టి, పాతచీర అంచుతో ఒక్కొక్కరి నడుముకీ కుడి మణికట్టుకీ కట్టేసింది. చివరిదాకా ఒక్కటీ ఊడలేదు. నలభై అయిదేళ్ల మనిషి, గొంతు గట్టిది. నా సామాను మీద పెత్తనం ఆ క్షణం నుంచే ఆవిడది.

“ఇది కడితే నడుం నెప్పి తగ్గుద్దాండి?” ఎవరో అడిగారు.

“తగ్గదండి.”

“మరెందుకండి?” అందరూ పగలబడి నవ్వారు.

ఎందుకో చెప్పాను. ఎవరి అంకెలు ఎవరికీ చూపించనని, రైతుకు అసలే చూపించనని మాట ఇచ్చి, కాగితం మీద సంతకాలు తీసుకున్నాను. అలాంటి విషయాల్లో నేను చాలా పట్టింపు మనిషిని.

పని ఇలా జరుగుతుంది. ఎడమ చేతిలో నారు కట్ట. కుడి చేత్తో రెండు మూడు మొక్కలు విడదీసి బురదలో గుచ్చాలి, అదొక కుదురు. ఒక్కొక్కరూ తన ముందు అడ్డంగా ఆరు కుదుళ్లు వేసి, ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. ఒకరి వంతుకు వచ్చే ఆ పట్టీని మునుం అంటారు. తాడూ గీతా ఏమీ ఉండవు. పక్కమనిషి కుదురు ఎక్కడ ఆగిందో అక్కడినుంచి నాది. వంగి ఉన్నప్పుడు కనిపించేది మన ముందున్న బురద, మన చెయ్యి, అంతే. మాటలు మాత్రం ఆగవు. పాటలు పాడతారేమోనని ఆశపడ్డాను గానీ, వాళ్లు రెండు రోజులూ ఒక సీరియల్లో కోడలి గురించి పోట్లాడుకున్నారు.

సాయంత్రం టీచర్ గారి ఇంట్లో కూర్చుని లెక్కలు చూశాను. పదిమంది మణికట్లు కుదుళ్లు గుచ్చిన లెక్క దాదాపు ఒకేలా ఉంది. పదకొండోది, మరియమ్మ గారిది, అందరిలో సగమే చూపిస్తోంది. వరసేమో ఎక్కడా వంగలేదు, ఆవిడ ఎక్కడా వెనకబడలేదు. ఆవిడకు కట్టింది పసుపు చుక్క యంత్రం. ఇంకేముంది, వానలో తడిసి పాడైందనుకున్నాను. మంగళవారం దాన్ని ఇంకొకరికి మార్చి, వాళ్లది ఆవిడకు కట్టాను. మళ్లీ సగమే. పైగా ఈసారి బాగా చూస్తే, ఆవిడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరివీ అందరికన్నా కాస్త ఎక్కువగా ఉన్నాయి.

ఇక్కడే ఆగి ఆలోచించాల్సింది. నేను ఆలోచించలేదు, చిరాకుపడ్డాను. ఎవరికి ఎంత వెడల్పు వస్తోందో తెలియకుండా కొలతకు విలువేముంది? మా రిహార్సల్ గదిలో నేల మీద టేపుతో గళ్లు గీస్తాను. ఎవరి గడిలో వాళ్లుండాలి. ఆ సాయంత్రం మండపేట వెళ్లి పన్నెండు నైలాను తాళ్లు, మేకులు కొనుక్కొచ్చాను.

తాళ్లు

బుధవారం పొద్దున్న తాళ్లు చూసి సువార్తమ్మ మొహం మారింది.

“తాళ్లెందుకండి? కాళ్లకి తగులుకుని పడిపోతామండి.”

“పడరండి, పక్కకి కదా కట్టేది. ఒక్క రెండు గంటలు.”

“చేను తడిగా ఉందండి ఇయ్యాల. రేపు చూద్దామాండి?”

“రోజూ తడిగానే ఉంటుంది కదండీ!”

ఆవిడ ఇటూ అటూ చూసింది. గట్టు మీద వీర్రాజు గారు ఉన్నారు. తాళ్లతో నాటితే సాళ్లు బాగా వస్తాయని వ్యవసాయశాఖ వాళ్లు కూడా చెప్పారని ఆయన సంబరపడుతున్నారు. “ఆయ్, అలాగేనండి” అంది సువార్తమ్మ. మర్యాద కొద్దీ అన్న ఆ మాటను నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను. అందరికీ సమానంగా పదకొండు మునుములు కొలిచి, మేకులు దిగేసి, తాళ్లు బిగించాను. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది.

అరగంటలో వరస విరిగింది. పదిమంది వెనక్కి వెళ్లిపోయారు. మధ్యలో మరియమ్మ గారు ఒక్కరే ముందు మిగిలిపోయారు. అటువైపు మనిషి తాడు మీదుగా చెయ్యి చాపబోయింది. “మీ గడిలోనే వెయ్యండి, మీ గడిలోనే!” అని నేనే గట్టు మీద నుంచి అరిచాను. ఇంకో అరగంటకు ఆవిడకీ మిగతావాళ్లకీ మధ్య ఒక గది పట్టేంత ఖాళీ నీళ్లు కనిపిస్తున్నాయి. సీరియల్ కోడలి ముచ్చట ఎప్పుడో ఆగిపోయింది. 

వీర్రాజు గారు చెడ్డమనిషి కాదు. జాలిపడే అన్నారు. “ఎందుకమ్మా మరియమ్మా ఈ వయసులో? పెన్షన్ వత్తంది కదా. ఇంటికాడ ఉండకూడదా?”

మరియమ్మ గారు నడుం ఎత్తి నిలబడ్డారు. కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు. తన ముందున్న ఖాళీ నీళ్లను చూశారు. చేతిలో ఉన్న నారు కట్టను జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, మణికట్టుకున్న చీరపేలిక విప్పి నాకిచ్చి, కాళ్లు కడుక్కుని వెళ్లిపోయారు.

సువార్తమ్మ బురదలోంచి నా దగ్గరికి వచ్చింది. ఆ వారంలో ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడడం అదొక్కసారే విన్నాను.

“నాలుగేళ్లండి. మోకాళ్లు పోయినకాణ్నించీ ఆవిడ మునుంలో అటొకటి, ఇటో రెండు మేం ఏసేత్తన్నాం. మరియమ్మత్తకి తెలీదండి. తెలిత్తే రాదండి.”

యంత్రం పాడవలేదు. ఆవిడ నిజంగానే సగం నాటుతున్నారు. వరస నిలిచింది మునుములు సమానంగా ఉన్నందుకు కాదు, లేనందుకు. నాలుగు వందల కిలోమీటర్లు వచ్చి వెతుకుతున్న జవాబు రెండు సాయంత్రాలు నా కళ్ల ముందే ఉంది. నేను దాన్ని తప్పు అనుకుని దిద్దబోయాను. అంకెలు ఎవరికీ చూపించనని సంతకాలు తీసుకున్నదాన్ని, తాళ్లు కట్టి ఊరందరికీ చూపించాను. అందరికన్నా ముందు మరియమ్మ గారికి. నాకు సిగ్గుగా అనిపించింది. మేకులు పీకి తాళ్లన్నీ చుట్టేశాను.

మరియమ్మ గారి వరండా

సాయంత్రం టీచర్ గారితో కలిసి వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల డాబా, ముందు సన్నటి వరండా. మరియమ్మ గారు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. నాకు కుర్చీ వేసి, టీ పెట్టించి, పళ్లెంలో చేగోడీలు తెచ్చారు. మా ఊళ్లో అయితే కోపమున్న మనిషి గుమ్మంలోనే కడిగేస్తుంది, ఆ తర్వాతే టీ. ఇక్కడ టీ ముందొస్తుంది. కోపం వస్తుందో రాదో తెలియక అతిథి ఆ టీ మింగలేక చస్తుంది.

“తప్పు చేశానండి. నన్ను క్షమించండి” అన్నాను.

“మీరేం చేశారండి? మీ పని మీరు చేసుకున్నారు” అన్నారు గింజలు తీస్తూనే. ఇంకో గుప్పెడు చింతపండు తీసుకుని మళ్లీ అన్నారు. “ఇంకా నాటేత్తన్నానే అనుకున్నానండి. నా ఈడోళ్లంతా మోకాళ్లు నెప్పులని మంచాలెక్కేశారు, నేను మాత్రం ఎవరికీ తీసిపోలేదు అనుకునేదాన్నండి. దేవుడికి స్తోత్రం కూడా చెప్పుకునేదాన్ని. పక్కోళ్లిద్దరి మధ్యా మిగిలిందే నా మునుం అనుకున్నాను గానీ, వాళ్లు కావాలని మిగిల్చింది అనుకోలేదండి.”

“రేపు రండి, మరియమ్మ గారూ.”

“దేనికండి, వాళ్లకి బరువవడానికా? వాళ్లకి పాతికేళ్లు నేర్పాను నేను.” చింతపండు పక్కకు నెట్టేశారు. టీచర్ గారు లేచి ఆవిడ పక్కన కూర్చున్నారు.

దారిలో నేను ఏడ్చాను. టీచర్ గారు ఓదార్చలేదు. “రేపు పదిమందే ఉంటారు. ఎకరన్నర చెయ్యాలి. మీకు ఖాళీయేగా, వెళ్లి దిగండి” అన్నారు. లెక్కల టీచరు లెక్కల టీచరే.

గురువారం

గురువారం యంత్రాలు ఇంట్లో వదిలేసి, టీచర్ గారి పాతచీర మోకాళ్లపైకి దోపుకుని వెళ్లాను. సువార్తమ్మ నా చేతికి నారు కట్ట ఇచ్చింది. మరియమ్మ గారి చోటు వైపు చెయ్యి చూపించింది.

ఇరవై ఏళ్లుగా డాన్సు చేస్తున్న ఒళ్లు. గంటలతరబడి వంగి ఉండగలననే ధీమా. పావుగంటకి నడుము, అరగంటకి తొడలు, ఆ తర్వాత ఏది నొప్పో విడిగా చెప్పలేని స్థితి. అడుగు తీస్తే బురద కాలిని వదలదు. నేను నాటినవి నేను వెనక్కి జరగ్గానే తేలిపోయి నా మీదికే వస్తున్నాయి. ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు, అదొక శిక్ష. కోడలి ముచ్చట కూడా మొదలుకాలేదు.

పదింటికి గట్టు మీద మరియమ్మ గారు కనిపించారు. చేతిలో సంచీ. పొన్నగంటాకు కోసుకోవడానికి వచ్చానని ఎవరూ అడక్కుండానే చెప్పారు. అటు తిరిగి ఆకు కోయడం మొదలెట్టారు. కోస్తూ కోస్తూ ఇటు చూశారు. నా కుదుళ్లు మూడు తేలుతూ ఆవిడ గట్టు దగ్గరికే వచ్చాయి. వంగి ఒకటి తీసి చూశారు.

“అయ్యబాబోయ్, అదేం నాటడమండీ! ఏళ్లు బురదలోకి దిగాలి కదండీ. అన్నం కలుపుతున్నట్టు పైపైన తోత్తారేంటి?”

“రావడం లేదండి” అన్నాను. అబద్ధమేమీ కాదు.

ఆవిడ సంచీ గట్టు మీద పెట్టారు.  సువార్తమ్మ తలెత్తలేదు. పదిమందిలో ఒక్కరూ తలెత్తలేదు. నేను కూడా బురదలోకే చూస్తూ ఉన్నాను. నీళ్లలో అడుగు పడిన చప్పుడు వినిపించింది. నెమ్మదిగా, ఒక్కో మోకాలూ ఆగి ఆగి, నా ఎడమపక్కకి వచ్చి వంగారు. నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, బొటనవేలు ఎక్కడ నొక్కాలో చూపించారు. “ఇలాగండి. గుచ్చి, వదిలెయ్యాలి. పట్టుకోకూడదు.”

 కాసేపటికి కుడివైపు చివరినుంచి ఒకావిడ, ఆ కోడలికి ఈ వారమైనా బుద్ధొస్తుందా అని అడిగింది. మరియమ్మ గారు రాదన్నారు. వరసంతా ఒక్కసారి మాటల్లో పడింది.

వీర్రాజు గారు పదకొండున్నరకి వచ్చి గట్టు మీద నిలబడ్డారు. తలలు లెక్కపెట్టి పన్నెండేంటి అన్నారు. “కొత్త మనిషికి పని నేర్పడానికి పాత మనిషి కావాలి కదండీ” అంది సువార్తమ్మ. ఆయన మరియమ్మ గారి వైపు ఒకసారి చూసి, “ఆయ్” అని, మోటారు చూసుకోవడానికి వెళ్లిపోయారు.

ఊరు వదిలి వచ్చాక కరుణ టీచర్ గారు రెండుసార్లు ఫోను చేశారు. మరియమ్మ గారు సీజనంతా వెళ్లారట. మేం మా గదిలో నేల మీది టేపు మొత్తం పీకేశాం. ఎనిమిది మందిలో ఎవరు అలిసిపోతే వాళ్ల మేర పక్కవాళ్లు మాట లేకుండా తీసుకోవాలి, అదొక్కటే నియమం. వరస ఇంకా వంకరగానే ఉంది. పరిశోధన పత్రంలో బుధవారం లెక్కలు వాడలేదు. ఎందుకు వాడలేదో మాత్రం రాశాను.

కానీ నాకు బాగా గుర్తున్నది గురువారం మధ్యాహ్నం. అన్నాలకు లేవమని సువార్తమ్మ కేకేసింది. అందరం నడుములెత్తాం. వెనక్కి నడిచాం కాబట్టి పొద్దున్నించీ చేసిందంతా మా ముందే పరుచుకుని ఉంది. నా మునుం ఏదో చూసుకున్నాను. ఒక్క కుదురూ తేలిపోకుండా నిలబడి ఉంది. నాకు సంతోషం వేసింది. తర్వాత, అలవాటు కొద్దీ, లెక్కపెట్టాను. అడ్డంగా ఆరు. అందులో కొంచెం వాలి, నేను నాటానని పోల్చుకోగలిగినవి రెండే. కుడివైపు ఒకటి ఆవలి మనిషి వేసింది. ఎడమవైపు మూడు, పొద్దున్న మోకాళ్లు పట్టుకుని దిగిన మనిషివి.

“మరియమ్మ గారూ, ఈ మూడూ మీరేనా వేసింది?”

ఆవిడ చేతులు కడుక్కుంటున్నారు. నన్ను చూడలేదు.

“ఏమోనండి” అన్నారు. “వంగున్నోళ్లకి పక్కోళ్ల చెయ్యి కనపడదు కదండీ.”